ఒక్కసారి నల్లకోటు తొడిగినవాడు

"అదే నేనూ అంటున్నది. ఇన్నేళ్లు గుర్తురానివాడు వాళ్లకి ఇప్పుడెందుకు గుర్తొచ్చాడని?"

టీచరమ్మ చేతిలో బీన్స్ కాయ ఫట్‌మని విరిగింది. నిన్న సాయంత్రం మొదలైన మాట ఇది. మధ్యలో అన్నాలు తిన్నారు, నిద్రపోయారు, లేచి టీ తాగారు. అయినా ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే పట్టుకుంది ఆవిడ. బడిలో ఉన్నప్పుడూ అంతే. వేసవి సెలవుల ముందు సగంలో ఆపిన పాఠాన్ని, సెలవులయ్యాక "ఆ, అందువల్ల..." అంటూ మొదలుపెట్టేది.

"పిలిచారు, వెళ్తాడు. మధ్యలో నీకేంటి నొప్పి?" అన్నాడు భర్త, పేపరు వెనకనుంచి.

"ఆ పిలవడంలోనే ఉంది కిటుకు. ఆ ఫిల్ము క్లబ్బువాళ్ల పోస్టరు చూశారా? 'మళ్లీ చూద్దాం నల్లకోటు' అట. కింద మా తమ్ముడి ఫొటో. అందులో వాడు నోరు తెరుచుకుని ఉన్నాడు! సినిమా మొత్తంలో నోరు మూసుకున్న ఫొటో ఒక్కటి దొరకలేదా వాళ్లకి?"

"మొత్తం తెరుచుకునే ఉన్నాడు కదోయ్. పాపం, ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అని తన జోకుకి తనే నవ్వాడు. ఆ నవ్వుకి స్టీలు గిన్నె అంచు జుమ్మంది. అంత గొంతు ఆయనది. ఫోన్లో 'హలో' అంటే చాలు, రాంగ్ నంబరు వాళ్లు క్షమాపణ చెప్పి పెట్టేస్తారు. గ్యాసు బండ ఆలస్యమైతే ఆయన చేత ఒక్క ఫోన్ చేయిస్తే సరి, బండ పరిగెత్తుకుంటూ వస్తుంది. ఊళ్లో సగం మందికి ఆయన పేరు తెలియదు. గొంతాయన అంటారు.

సంగతి మొదట్నుంచీ చెప్పుకోవాలి. నల్లకోటు అంటే సినిమాల్లో గూఢచారి. ఒకప్పుడు ఏడాదికొక నల్లకోటు సినిమా వచ్చేది, వచ్చినప్పుడల్లా హాలు దగ్గర చొక్కాలు చిరిగేవి. ఆ వేషం పెద్ద హీరో ఒకాయన వేసేవాడు. మనిషి దిట్టంగా ఉండేవాడు గానీ నోరు విప్పితే పిల్లి గొంతు. అందుకని మొహం ఆయనది, గొంతు టీచరమ్మ భర్తది. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెరమీద పెదాలు కదిలినప్పుడల్లా మాటలు పెట్టడం ఈయన పని. డబ్బింగు. జనం ఆ గొంతుకే ఈలలు వేసేవాళ్లు, పెద్ద హీరో అది తనకనుకునేవాడు.

అలాంటిది ఒక ఏడాది పెద్ద హీరో ఎందుకో అలిగి కూర్చున్నాడు. సెట్టు సిద్ధంగా ఉంది, కోటు కుట్టి ఉంది, తొడుక్కోవడానికి మనిషి లేడు. అప్పుడు గొంతాయన తన బావమరిదిని వెంటబెట్టుకుపోయి నిర్మాతకు చూపించాడు. పక్కనుంచి చూస్తే అచ్చం పెద్ద హీరోలాగే ఉంటాడని. ఆ కుర్రాడు అప్పట్లో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. వాడే టీచరమ్మ తమ్ముడు.

సినిమా వచ్చింది. టీచరమ్మ స్టాఫ్‌రూమ్ మొత్తాన్ని వెంటేసుకుని వెళ్లింది. తమ్ముడు తెరమీదికి రాగానే చప్పట్లు కొట్టించింది కూడా. రైల్వే ప్లాట్‌ఫారం సీను దాకా అంతా బాగానే ఉంది. అక్కడ నల్లకోటు స్నేహితుడు గుండు దెబ్బ తగిలి రైల్లో పడి ఉంటాడు. బతకడని ఇద్దరికీ తెలుసు. రైలు ఎక్కితే పని చెడుతుంది, ఎక్కొద్దని పైవాళ్ల ఆజ్ఞ. కిటికీలోంచి స్నేహితుడు "వస్తున్నావా?" అంటాడు. నల్లకోటు నోరు తెరుస్తాడు. అప్పుడు, చచ్చిపోతున్నవాడి మొహం మీదే, హాలు అదిరేలా ఒక మాట వినిపిస్తుంది: "హహ్హ! నల్లకోటుకి చావంటే చెమట పట్టదోయ్!"

హాలు గొల్లుమంది. లెక్కల మాస్టారు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. టీచరమ్మ చీకట్లో కుర్చీలోకి కూరుకుపోయింది. అక్కణ్ణుంచి తమ్ముడు నోరు తెరిస్తే నవ్వు, మూస్తే నవ్వు. మర్నాడు పేపర్లో 'కొయ్యబొమ్మకు కోటు' అని రాశారు. మరుసటేడు పెద్ద హీరో అలక మాని తిరిగొచ్చాడు, చొక్కాలు మళ్లీ చిరిగాయి. తమ్ముడు మళ్లీ అద్దాలు అరగదీసుకున్నాడు. పోనుపోను ఆ దుకాణం అతనిదే అయింది.

అప్పట్నుంచీ ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. "ఆ సినిమాని ఆ మాత్రమైనా మోసింది నా గొంతు" అని గొంతాయన అనేవాడు. అందరూ తలూపేవాళ్లు. టీచరమ్మ కూడా ఊపేది. బావ అన్నం పెట్టే చోటు చూపించాడు, వీడు నిలబెట్టుకోలేకపోయాడు, అంతే కదా?

"మీరెన్నైనా చెప్పండి, వాణ్ణి స్టేజీ ఎక్కించి మళ్లీ నవ్వుతారు. ఇంతకుముందైతే చీకట్లో నవ్వారు, ఇప్పుడు లైట్లేసి నవ్వుతారు. నేను నవ్వనివ్వను."

"ఏం చేస్తావ్? హాలుకి తాళం వేస్తావా?"

"అవసరమైతే వేస్తాను" అని బీన్స్ గిన్నె ఆయన ఒళ్లో పెట్టి లేచింది.

*

గూఢచారిని కాపాడాలంటే తానూ కాస్త గూఢచర్యం చేయాలనిపించింది టీచరమ్మకు. నల్లకళ్లద్దాలు పెట్టుకుంది. చీరకొంగు తలమీదుగా వేసుకుంది. ఎండ లేకపోయినా గొడుగు విప్పి, దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని బయల్దేరింది.

ఫిల్ము క్లబ్బు గది టైర్ల దుకాణం పైన ఉంది. మెట్లమీద మొదటి అడుగు వేసిందో లేదో, "నమస్తే టీచర్! మోకాళ్లు జాగ్రత్త, మూడో మెట్టు ఊగుతుంది" అన్నాడు టైర్లాయన కిందనుంచి. వాడు ఐదో తరగతిలో కిటికీ పక్క కూర్చునేవాడు. ఊరంతటికీ పాఠాలు చెప్పిన మనిషి వేషం మార్చాలంటే ఊరే మార్చాలి మరి.

పైన ఒకే గది. గోడకి తెల్లగుడ్డ బిగించి ఉంది. నేలమీద వైర్లు, జిగురు డబ్బా, పోస్టర్ల కట్ట. వాటి మధ్య ఒక సన్నపాటి అమ్మాయి బాసింపట్టు వేసుకుని కూర్చుని పోస్టర్ల అంచులు కత్తిరిస్తోంది.

"ఊరికే వచ్చానమ్మా. సినిమాలంటే ఇష్టం" అంది టీచరమ్మ, ఎటో చూస్తూ.

"మీరు గూఢచారిగారి అక్కగారు కదండీ? మా అమ్మకి పాఠం చెప్పారు. మీరు కోప్పడితే ముందు కళ్లజోడు తీస్తారని చెప్పేది."

టీచరమ్మ అప్పటికే సగం తీసిన నల్లకళ్లద్దాలను ఏం చేయాలో తెలియక మళ్లీ పెట్టుకుంది. అప్పుడే ఆవిడ కంటికి ఇంకోటి తగిలింది. ఆ అమ్మాయి పెట్టుకున్న తేనెరంగు ఫ్రేము. అది తమ్ముడి దుకాణంలో పై అరలో ఉండేది. ఎవరడిగినా 'అది అమ్మడానికి కాదండీ' అనేవాడు.

"ఈ ఫ్రేము నీకెలా ఇచ్చాడు?"

"ఆయనే పెట్టారండీ. 'నువ్వు చాలా చూస్తావు కదా, బరువులేనిది ఉండాలి' అన్నారు."

ఇదేదో తేడాగా ఉంది అనుకుంది టీచరమ్మ. తమ్ముడు కస్టమరుతో మాట్లాడేది 'ఇదా? అదా? ఏది తేటగా ఉంది?' అనే మాటలే. 'చాలా చూస్తావు కదా' అనడం ఎప్పట్నుంచి?

"సూటిగా అడుగుతా, సూటిగా చెప్పు. వాణ్ణి పిలిచింది నవ్వడానికా?"

అమ్మాయి కత్తెర కింద పెట్టింది. బుకాయించలేదు. అందుకే టీచరమ్మకు మరీ అనుమానమేసింది, ఈకాలం పిల్లలు బుకాయించకపోవడం.

"మొదట నవ్వడానికేనండీ. పాత సినిమాల్లో బాగా నవ్వొచ్చేవి ఏరి వేద్దాం అనుకున్నాం. కేకలేస్తూ చూడొచ్చని. ఈ సినిమా ముందే ఎంచుకున్నాం. ఆయన ఈ ఊళ్లోనే ఉన్నారని కూడా మాకు తెలీదు. నేను కళ్ల పరీక్షకి వెళ్లి, ఖాళీగా ఉండలేక ఈ సంగతంతా వాగేశాను. ఆయన నా ఎదురుగా కూర్చుని అద్దాలు మారుస్తూ అన్నీ విన్నారు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ. కళ్లజోడు తీసుకోడానికి వెళ్లినప్పుడు, సంచిలో కళ్లజోడుతో పాటు ఒక సీడీ పెట్టిచ్చారు. 'ఇది కూడా ఒకసారి చూడమ్మా. ఇందులో శబ్దం లేదు' అన్నారు. అది చూశాకే ఆయన్ని రమ్మని పిలిచాను."

టీచరమ్మ కిందనున్న పోస్టర్ల కట్టమీద కూలబడింది. తమ్ముడి దగ్గర ఆ సినిమా లేదనే ఆవిడ లెక్క. టీవీలో అది వస్తే లేచి బయటికెళ్లి, బాగానే ఉన్న కుళాయిని బాగుచేసేవాడు. 'ఆ సంగతి నాకు గుర్తే లేదక్కా' అనేవాడు. ఇన్నాళ్లూ సీడీ దాచుకుని!

"వేసి చూపించు" అంది.

*

తెల్లగుడ్డ మీద రైలు వచ్చి ఆగింది. చప్పుడు లేదు. ప్రొజెక్టరు గుర్రుమనడం తప్ప ఏమీ వినబడటం లేదు. కిటికీలో స్నేహితుడి మొహం. పెదాలు కదిలాయి. వస్తున్నావా?

తమ్ముడు నోరు తెరిచాడు.

తెరిచి, ఆగాడు. ఏదో మాట గొంతుదాకా వచ్చినట్టు మెడ కదిలింది. కళ్లు పక్కకెళ్లాయి, రైలు మెట్టుమీద ఆగాయి, వెనక్కొచ్చాయి. నోరు మెల్లగా మూసుకుంది. తల అడ్డంగా కూడా ఊపలేదు. కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు, అంతే. కిటికీలోని మనిషికి అర్థమైపోయింది. రైలు కదిలింది.

టీచరమ్మకు ఆ మొహం తెలుసు. చిన్నప్పుడు నాన్న సైకిలు తొక్కి గుంతలో పడేసింది తనైతే, బెత్తం ముందు నిలబడ్డది వాడు. 'ఎవర్రా తొక్కింది?' అని నాన్న గద్దిస్తే నోరు తెరిచి, తనవైపు చూసి, మూసుకున్నాడు. వాడు నటించలేదు అక్కడ. లేదా వాడికి నటన అంటే అదే.

"ఇప్పుడు శబ్దంతో చూడండి" అంది అమ్మాయి.

అదే రైలు. అదే కిటికీ. తమ్ముడు నోరు తెరవగానే, పొద్దున బీన్స్ గిన్నెను జుమ్మనిపించిన గొంతు గదంతా నిండింది. హహ్హ! చెమట పట్టదోయ్! పక్కకెళ్లిన కళ్లు వెర్రిచూపులైపోయాయి. కదిలిన మెడ కోడిమెడ అయిపోయింది. టీచరమ్మ గబుక్కున చెవులు మూసుకుంది. మూసుకుంటే మళ్లీ బాగున్నాడు. తీస్తే నవ్వొస్తోంది. రెండు మూడుసార్లు మూసి తీసి చూసింది, పిల్లల్లాగ.

"సినిమా అంతా ఇంతేనండీ. ఆయన ఎక్కడ మాట మింగారో అక్కడల్లా ఆ గొంతు ఏదో ఒకటి అంటుంది. మీ తమ్ముడుగారు భయపడే గూఢచారిని చేశారండీ. అప్పటికి అలాంటిది ఎవరూ చేయలేదు. ఆ గొంతు మాత్రం పాత హీరో సినిమాలోనే ఉండిపోయింది."

"ఆ గొంతు... ఎవరిదో?" అని అడిగింది టీచరమ్మ. తన గొంతు తనకే ఎవరో డబ్బింగు చెప్పినట్టుంది.

"తెలీదండీ. టైటిల్స్‌లో వెయ్యలేదు. ఆయన్ని అడిగితే 'గుర్తులేదమ్మా' అన్నారు. అక్కడే మాకు చిక్కొచ్చింది." అమ్మాయి దగ్గరికి జరిగింది. "క్లబ్బులో మిగతావాళ్లు ఒప్పుకోవట్లేదు. ఆ మాటలు స్క్రిప్టులోవే అయ్యుంటాయి, ఈయనకి చెప్పడం రాక నోరు తెరుచుకుని నిలబడ్డాడు, నువ్వు లేనిపోని గొప్ప అంటగడుతున్నావ్ అంటున్నారు. ఇవాళ సాయంత్రం అందరం కూర్చుని తేల్చుకుంటాం. ఆ మాటలు తర్వాత కలిపినవని ఎవరైనా తెలిసినవాళ్లు చెబితే, ఆదివారం మూగ కాపీ వేస్తాం, ఆయన చేత మాట్లాడిస్తాం. లేకపోతే శబ్దంతోనే. హాలంతా కేకలేస్తారు. ఆయన అక్కడే స్టేజీ పక్కన కూర్చుని ఉంటారు."

"రావద్దని చెప్పొచ్చుగా వాడికి?"

"చెప్పానండీ. 'ఏది వేసినా వస్తానమ్మా' అన్నారు."

మెట్లు దిగేటప్పుడు మూడో మెట్టు ఊగింది. టీచరమ్మ గొడుగు విప్పడం కూడా మరిచిపోయింది.

*

కళ్లజోళ్ల దుకాణం సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. ఒక గోడకి అద్దం, ఇంకో గోడకి అక్షరాల బోర్డు. ఎవరు లోపలికొచ్చినా తమ్ముడు ముందు వాళ్ల కళ్లజోడు చేతిలోకి తీసుకుని, చొక్కా జేబులోని మెత్తని గుడ్డతో తుడిచి, ఊగే మర బిగించి, అప్పుడు 'చెప్పండి' అంటాడు. దానికేమీ తీసుకోడు. వీధిలోవాళ్లు మాత్రం వదలరు. ఆ మధ్యాహ్నం కూడా ఎదురు ఇస్త్రీ దుకాణంవాడు గుమ్మంలో నిలబడి, "ఏం గూఢచారీ, నా కళ్లజోడు ఆచూకీ దొరికిందా? శత్రువులు ఎత్తుకుపోయారా?" అంటున్నాడు.

"శత్రువు నువ్వే. నెల్నుంచి తీసుకెళ్లట్లేదు" అని ఇచ్చి పంపాడు తమ్ముడు. తర్వాత అక్కని చూసి నల్లకళ్లద్దాలకోసం చెయ్యి చాచాడు.

ఇవ్వలేదు టీచరమ్మ. "సీడీ ఎక్కడిదిరా?"

తమ్ముడు గుడ్డ మడతపెట్టాడు. "అప్పట్లో ఎడిటింగు గదిలో పనిచేసినాయన కళ్లజోడు చేయించుకోవడానికి వచ్చాడక్కా. గొంతులు కలపకముందటి రీళ్లు మొత్తం ఆయన దగ్గర ఉండిపోయాయట. నాకేం పనికొస్తాయని, ఇచ్చేశాడు. ఈమధ్యే సీడీ చేయించా."

"గుర్తే లేదన్నావుగా?"

"ఒక్కోసారి ఉంటుంది."

"పై అరలో ఫ్రేము, సంచిలో సీడీ! ఆ పిల్లకి గేలం వేశావు కదరా నువ్వు! నోట్లో నాలుక లేనివాడనుకున్నాను. ఇన్నాళ్లూ మా అందరి ముందూ అమాయకుడి వేషం కట్టావన్నమాట."

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వులో తప్పు చేసినవాడి జాడ ఏమీ లేదు. అది ఆవిడకి ఇంకా మంటెక్కించింది.

"ఎందుకిచ్చావ్?"

"నవ్వకుండా చూసేవాళ్లు ఒక్కళ్లైనా ఉంటారేమోనక్కా. ఆ అమ్మాయి ఎటూ నవ్వబోతోంది. నవ్వేముందు ఒకసారి చూడమన్నా. చూసింది. నాకు చాలు."

"చాలదు. ఆదివారం హాలంతా కేకలేస్తుంది. ఆ గొంతెవరిదో చెబితే ఆగిపోయేది కదా. గుర్తులేదని ఎందుకన్నావ్?"

తమ్ముడు అక్షరాల బోర్డు దగ్గరికెళ్లి దాని వెనక బల్బు ఆర్పాడు, వెలిగించాడు. బాగానే ఉంది బల్బు.

"డబ్బింగు రోజు నేను వెళ్లానక్కా. గాజు పలకకి ఇవతల నిలబడి చూశా. బావ చెమటలు కక్కుతూ చేశాడు. రైలు సీను వచ్చింది. నా నోరు తెరుచుకుంది. బావ మాట వేసేశాడు. ఇంజినీరు బాగుందన్నాడు. తెరిచిన నోరు ఖాళీగా వదలకూడదట, అది వాళ్ల పద్ధతి. వదిలితే జనం హాల్లో శబ్దం పోయిందని కుర్చీలు విరగ్గొడతారట."

"నువ్వు ఆపొచ్చుగా! గాజు కొట్టొచ్చుగా!"

"కొట్టబోయా."

"మరి?"

"వేషం ఇప్పించింది ఆయన. అక్కడే అందరి ముందూ 'నువ్వు తప్పు చేశావు బావా' అంటే? ఇంటికొచ్చి అంటే? నువ్వు ఎవరి పక్కన కూర్చునేదానివక్కా, ఇటా, అటా?"

టీచరమ్మ నల్లకళ్లద్దాలు తీసేసింది. "కావాలని చేశాడంటావా?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"నేనలా అనలేదే."

"కాదని కూడా అనలేదు."

తమ్ముడు మరో కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. అది ఎప్పుడో తుడిచి పెట్టిందే.

*

దారిపొడుగునా టీచరమ్మ బుర్రలో కందిరీగలు. మరుసటేడే పెద్ద హీరో తిరిగొచ్చాడు కదా. ఈయన గొంతు ఆ మొహం మీదే బతికింది కదా. తమ్ముడు ఆ కోటులో నిలబడి ఉంటే, వాడికి సొంత గొంతు లక్షణంగా ఉంది, వాడి గొంతే పెట్టేవాళ్లు. అప్పుడు ఈయన? ఛ, ఛ. చేతులారా తీసుకెళ్లిన మనిషి చేతులారా ముంచుతాడా? ఏమో. ముంచినా ఈయన తన భర్త. ముంచకపోతే ఇన్నేళ్లూ 'సినిమాని మోసింది నా గొంతు' అని ఎందుకన్నట్టు? 'కదా' అని తనతో తలూపించుకోవడం దేనికి?

ఇంట్లో గొంతాయన టీవీ చూస్తున్నాడు. సముద్రం అడుగున చేపల కార్యక్రమం. టీచరమ్మ రిమోటు తీసుకుని శబ్దం తీసేసింది.

"ఏంటోయ్?"

"ఏదీ, ఆ చేపకి చెప్పండి చూద్దాం. సరదాగా."

ఆయన అలాంటివంటే చెవికోసుకుంటాడు. ఒక లావుపాటి చేప నోరు తెరవగానే, "ఎవడ్రా అక్కడ, నా రాళ్ల మధ్య?" అన్నాడు. మూసి తెరిస్తే, "నిన్నే!" అన్నాడు. చేప ఊరికే నీళ్లు మింగుతున్నా వదల్లేదు. తెరుచుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి పడాల్సిందే. ఒక్క ఖాళీ కూడా మిగల్చలేదు ఆయన. చేప వెళ్లిపోయాక కూడా, నోరు కనిపించకపోయినా, "హహ్హ!" అని ముగించాడు.

నవ్వొచ్చింది టీచరమ్మకు. ఆపుకుని, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"రైలు సీనులో 'చెమట పట్టదోయ్' అన్న మాట కాగితం మీద ఉందా?"

గొంతాయన కళ్లు టీవీ మీదే ఉన్నాయి. "ఏ రైలు?"

"మా తమ్ముడి రైలు."

"అదా... గుర్తెక్కడుంటుంది?"

"గుర్తుంది. పోయినేడు గ్యాసు వాడికి ఆ డైలాగే చెప్పి భయపెట్టారు. కాగితం మీద ఉందా, లేదా?"

"లేదు. నేనే వేశా. నోరు తెరిచాడు, నింపాను. నింపకపోతే ఇంజినీరు మళ్లీ మొదట్నుంచి చెప్పమంటాడు." కాసేపాగి, "డైరెక్టరు కూడా అన్నాడులే, పాత నల్లకోటులాగే ఉండాలి, మనిషి మారినట్టు తెలియకూడదని." ఇంకాసేపాగి, "అసలు జనం ఏమనుకుంటారు? శబ్దం పోయిందనుకోరూ?"

హోంవర్కు చేయనివాడు 'కరెంటు పోయింది' అంటే నమ్మొచ్చు. 'కరెంటు పోయింది, పెన్ను పోయింది, జ్వరం వచ్చింది' అంటే నమ్మకూడదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ టీచరమ్మ ఆ లెక్కలోనే బతికింది.

"పెద్ద హీరో తిరిగొస్తాడని మీకప్పటికే తెలుసా?"

గొంతాయన లేచాడు. ఛాతీ నిండా గాలి పీల్చి, "నువ్వు నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాడు. అది నల్లకోటు గొంతు. కిటికీ అద్దం వణికింది.

"ఆ గొంతు పక్కనపెట్టి మీ గొంతుతో అడగండి."

ఆయన దగ్గాడు. మంచినీళ్లు తాగాడు. మామూలు గొంతు వెతుక్కుంటే దొరకడానికి చాలాసేపు పట్టింది. దొరికాక అది చాలా చిన్నదిగా ఉంది. "వాణ్ణి తీసుకెళ్లింది నేను. నేనెందుకు చెడగొడతానోయ్?"

"అదే నాకూ తెలియట్లేదు" అంది టీచరమ్మ. అది నిజం. ఆ మొహంలోకి ఎంతసేపు చూసినా తెలియలేదు. ఎన్ని వందల మంది పిల్లల మొహాలు చదివింది, ఈ ఒక్క మొహం దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. ఆయనకైనా తెలుసో లేదో. "కావాలని చేశారో, అలవాటు కొద్దీ చేశారో మీరూ వాడూ చూసుకోండి. ఆ మాట కాగితం మీద లేదన్నారు, నాకది చాలు. క్లబ్బువాళ్లకి చెబుతాను."

"ఏమని?"

"ఆ గొంతు మీదని. ఆ మాటలు మీరు కలిపినవని."

"నీకు మతిపోయిందా? ఊళ్లో తలెత్తుకోగలనా నేను? ఇన్నేళ్లు గొంతాయన, గొంతాయన అని..."

"వాడు ఇన్నేళ్లు కొయ్యబొమ్మ అనిపించుకుంటూనే ఆ వీధిలో దుకాణం నడిపాడు. మీకు ఒక్క ఆదివారం."

"వాడడిగాడా నిన్ను?"

"వాడు అడగడు. మీకు తెలుసు అడగడని. ఇన్నాళ్లూ ఆ ధీమామీదే కదా కూర్చున్నది!"

ఆ మాట అనుకుని అన్నది కాదు, నోరు జారింది. గొంతాయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది పొద్దున చదివేసిన పేపరే. దాని వెనకనుంచి, "నేను మాత్రం ఆదివారం రాను" అన్నాడు.

"రాకండి. మీ పేరొస్తుంది, మీరు రాకపోయినా."

"పేరు లేకుండా చెప్పలేవా? ఎవరో డబ్బింగువాడని?"

టీచరమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఎవరో అంటే క్లబ్బు పిల్లలు నమ్మరు. 'అక్కగారు కదా, తమ్ముణ్ణి వెనకేసుకొస్తోంది' అంటారు. తనైనా అంతే అనేది. మొగుడి మీద చెబితేనే నమ్ముతారు. మొగుడి మీద ఎవరు ఊరికే చెబుతారు?

"చెప్పలేను" అంది.

ఆయన పేపరులో ఇంకో పేజీ తిప్పాడు. కోపంతో ఊరుకున్నాడో, ఒప్పుకుని ఊరుకున్నాడో, లేక తాను ఫోన్ దగ్గరికి వెళ్లేలోపు రిసీవరు తీసి పక్కన పడేయడానికి చూస్తున్నాడో. దేనికైనా మంచిదని టీచరమ్మ ఫోనును వైరుతో సహా వంటింటి గుమ్మం దాకా లాక్కుని, తన పక్కనే స్టూలు మీద పెట్టుకుంది. పోస్టరు అడుగున ఆ అమ్మాయి నంబరు ఉంది. ఇంకాసేపట్లో క్లబ్బువాళ్లు కూర్చుంటారు. వాళ్లు తేల్చుకోకముందే చేయాలి. ఎత్తగానే వేరే మాటల్లోకి పోకుండా ఇలా చెప్పాలి: "అమ్మాయీ, గూఢచారి అక్కని. నువ్వు వెతుకుతున్న గొంతు మా ఇంట్లోదే, మా ఆయనది. ఆ మాటలు స్క్రిప్టులో లేవు, ఆయనే వేశాడు. కావాలంటే మీరంతా వచ్చి ఆయన్నే అడగండి, గుమ్మం తీసే ఉంచుతాను. ఆదివారం మాత్రం మూగదే వెయ్యండి."